గంజాయి తోటలో మగ మొక్కకు చోటు లేకుండా పోయిన కథ

పోతుతాటికి కాయలు కాయవని పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బొప్పాయి వేసిన రైతు పూత కనిపించగానే మగ చెట్లను గుర్తుపట్టి, పరాగం కోసం కొన్నింటిని ఉంచుకుని మిగతావి నరికేస్తాడు. గంజాయిదీ అదే కోవ. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గింజలు చల్లితే ఇంచుమించు సగం ఆడవి, సగం మగవి మొలుస్తాయి. మత్తునిచ్చే జిగురు ప్రధానంగా ఆడ పూత మీదే ఊరుతుంది, అదీ గింజ కట్టని పూత మీద ఎక్కువగా. బొప్పాయి రైతుకు నాలుగు మగ చెట్లైనా కావాలి. గంజాయి పండించేవాడికి ఒక్కటి కూడా పనికిరాదు.

ఇప్పుడు విదేశీ మార్కెట్లలో ‘ఫెమినైజ్డ్’ పేరుతో అమ్ముడవుతున్న విత్తనాలకు మూలం ఈ తేడాలోనే ఉంది. దాదాపు ప్రతి గింజా ఆడ మొక్కే అవుతుంది. అపార్ట్‌మెంట్ గదిలో దీపాల కింద కుండీలు పెట్టి గంజాయి పెంచుతూ దొరికిపోయారన్న వార్తలు మన నగరాల నుంచీ వస్తున్నాయి. దీన్ని పూర్తిగా పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన వ్యవహారంగా చాలామంది భావిస్తారు. వెనక్కి వెళ్లి చూస్తే దారి బెంగాల్ పొలాల మీదుగా, ఢిల్లీలోని ఒక ప్రయోగశాల మీదుగా సాగుతుంది.

1893లో బ్రిటిష్ పార్లమెంటులో భారతదేశపు గంజాయి మీద ప్రశ్న లేచింది. దాన్ని నిషేధించాలా వద్దా తేల్చడానికి ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను వేసింది. కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి 1894లో మూడు వేల పేజీలకు పైబడిన నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని, పూర్తి నిషేధం అక్కర్లేదని, పన్నులతో, లైసెన్సులతో అదుపు చేస్తే చాలని తేల్చింది. ఈ తీర్పును ఇరుపక్షాలవారూ నేటికీ తమకు తోచినట్టు ఉటంకిస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ తీర్పు కన్నా, ఆనాటి సాగు వివరాలే విలువైనవిగా కనిపిస్తాయి.

అప్పట్లో బెంగాల్ ప్రభుత్వం లైసెన్సు మీద సాగు చేయించిన ప్రాంతం రాజ్‌షాహీ జిల్లా నౌగావ్ చుట్టుపక్కల ఉండేది. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ ప్రెయిన్ 1893లో అక్కడి సాగు మీద ప్రత్యేక నివేదిక రాశాడు. అక్కడి రైతులు పూత వేళకు ‘పొద్దార్’ అనే నిపుణుణ్ని కూలికి పిలిచేవారు. ఇంగ్లీషు అధికారులు అతన్ని ‘గంజాయి డాక్టర్’ అని రాసుకున్నారు. అతను సాళ్ల వెంట నడుస్తూ, పువ్వు విచ్చుకోకముందే మగ మొక్కను పోల్చుకుని తీసేయించేవాడు. ఒక్కసారి తిరిగితే సరిపోయేది కాదు. ఆడ మొక్కల మీద కూడా అక్కడక్కడా మగ పువ్వులు పూస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ చూడాలి. గంజాయి పుప్పొడి గాలిలో ఎగిరిపోతుంది. ఒక మొక్క కన్నుగప్పిందంటే చుట్టుపక్కల మళ్లు కూడా గింజ కట్టి ధర పడిపోయేది. అంత నేర్పు కావలసిన పని అది.

తెలుగు నేలకూ ఆ లైసెన్సు సాగుతో సంబంధం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ పర్యవేక్షణ కింద గంజాయి పండించిన చోట్లలో అప్పటి కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతం ఒకటి. చీరాల దగ్గరి ఆ ఊళ్ల మీదుగా వెళ్లేవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరుంటారు?

ఆడ మొక్క మీద మగ పువ్వు ఎలా పూస్తుందన్నది పొద్దార్‌కు చిరాకు తెప్పించిన సమస్య. అదే సమస్య శాస్త్రజ్ఞులను అంతకు రెండు వందల ఏళ్ల ముందే తికమక పెట్టింది. మొక్కల్లో ఆడ, మగ ఉంటాయని 1694లో ప్రయోగాలతో చూపించిన జర్మన్ పండితుడు కామెరారియస్, ఒంటరిగా ఉంచిన ఆడ జనుపనార మొక్కలు కూడా గింజలు కట్టడం చూసి ఇబ్బందిపడ్డాడు. (ఇక్కడ జనుపనార అంటే మన గోనెసంచుల జనుము కాదు, గంజాయి జాతిలోనే నార కోసం పెంచే రకం.) 1920లలో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ షాఫ్నర్ పగటి వెలుగు నిడివిని మారిస్తే ఈ మొక్కల లింగ లక్షణాలు మారుతున్నాయని చూపించాడు. అంటే జన్యువులు ఒక మాట చెప్పినా, పెరిగే పరిస్థితులు దాన్ని కొంతవరకు మార్చగలవు.

ఎలా మారుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబులు ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చాయి. వృక్షశాస్త్రజ్ఞుడు హెచ్.వై. మోహన్‌రామ్, ఆయన సహచరుడు జైస్వాల్ కలిసి, ఇథిలీన్ వాయువును విడుదల చేసే రసాయనంతో మగ మొక్కల మీద ఆడ పువ్వులు పూయించారు. ఆ పత్రం 1970లో వచ్చింది. 1972లో జిబ్బరెల్లిన్ హార్మోన్‌తో దానికి తలకిందుల ఫలితం చూపించారు. 1982లో మోహన్‌రామ్, సేఠ్ ప్రచురించిన పత్రం మూడోది. అందులో వెండి లవణాలు ఆడ మొక్కల మీద మగ పువ్వులు పూయించాయి, ఆ పువ్వుల పుప్పొడికి గింజ కట్టించే శక్తి కూడా ఉంది. వెండి ఇథిలీన్ పనిని అడ్డుకుంటుంది. ఆ అడ్డు వల్లే మొక్క మగ పూత వైపు మొగ్గుతుంది.

పుప్పొడి ఆడ మొక్కదే కాబట్టి అందులో మగ లింగాన్ని నిర్ణయించే వై క్రోమోజోము ఉండదు. ఆ పుప్పొడితో పుట్టిన గింజలన్నీ ఆడవే అవుతాయి. మొక్కల్లో లింగాన్ని ఏది నిర్ణయిస్తుందన్న కుతూహలంతో చేసిన పని ఇది. ఆ శాస్త్రజ్ఞుల మీద వేలెత్తి చూపడం అన్యాయం. అదే జ్ఞానం మన కీరదోస పొలాల్లో రైతుకు మేలే చేసింది. ఆడ పువ్వులు మాత్రమే పూసే కీర వంశాన్ని ఏటా నిలబెట్టాలంటే దానికి కొన్ని మగ పువ్వులు పూయించక తప్పదు. అందుకు జిబ్బరెల్లిన్‌నూ, వెండి లవణాలనూ వాడతారు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన ‘పూసా సంయోగ్’ సంకరం అలాంటి ఆడ వంశాన్ని ఒక తల్లిగా చేసుకుని పుట్టిందే.

గంజాయి వ్యాపారం ఈ జ్ఞానాన్ని అందుకోవడానికి కారణం అమెరికాలో జరిగిన పోలీసు దాడులు. 1970లలో గింజలేని గంజాయి ‘సిన్‌సెమియా’ పేరుతో కాలిఫోర్నియాలో గిరాకీ సంపాదించింది. స్పానిష్‌లో ఆ మాటకు అర్థం ‘గింజ లేనిది’ అనే. అంటే నౌగావ్ పొద్దార్ చేసిన పనే వేరే ఖండంలో వేరే పేరుతో మొదలైంది. 1983 నుంచి అక్కడి పోలీసులు హెలికాప్టర్లతో కొండల్లోని తోటలు పీకేయడం మొదలుపెట్టారు. సాగు ఇళ్లలోకి, దీపాల కిందకు చేరింది. గదిలో చోటు తక్కువ, కరెంటు ఖర్చు ఎక్కువ. మొలిచినవాటిలో సగం పారేయడం అక్కడ గిట్టుబాటు కాదు. దానికి మొదట దొరికిన దారి కొమ్మలు నాటడం. మల్లె కొమ్మ, గులాబీ కొమ్మ పాతినట్టే, నచ్చిన ఆడ మొక్క కొమ్మలు నాటుకుంటే అన్నీ అచ్చు ఆ తల్లి పోలికే. కానీ కొమ్మను పోస్టులో పంపలేరు, గింజను పంపవచ్చు. 1990ల చివరికి నెదర్లాండ్స్ విత్తన కంపెనీలు ఆడ గింజలను కవర్లలో పెట్టి అమ్మసాగాయి. పొద్దార్ జీవితమంతా నేర్చుకున్న నైపుణ్యం అలా ఒక చిన్న పొట్లంలో ఇమిడిపోయింది.

అందుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది. మగ మొక్క లేని చోట కొత్త కలయికలు తగ్గుతాయి. ఒకే తల్లి కొమ్మల మీద ఆధారపడిన ఉత్తర అమెరికా తోటల్లోకి హాప్ లేటెంట్ అనే వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్నదైన రోగకారకం) పాకింది. 2019లో దాన్ని గంజాయిలో గుర్తించే నాటికి అది కొమ్మల వెంటే చాలా దూరం వెళ్లిపోయింది.

ఇక చట్టం సంగతి. 1961లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన మత్తుమందుల ఒప్పందం గంజాయిని నిర్వచిస్తూ పూత, కాయ పట్టిన కొసలను మాత్రమే లెక్కలోకి తీసుకుంది. కొసలతో కలిసి లేని గింజలను, ఆకులను వదిలేసింది. ఆకును వదలడంలో భంగు తాగే మన ఆచారాల ప్రభావం ఉంది. 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యాల మీద చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం రెండో సెక్షన్‌లో ఆ నిర్వచనమే ఇంచుమించు మాట మార్చకుండా ఉంది. ఎనిమిదో సెక్షన్ మాత్రం గంజాయి మొక్కను పెంచడాన్నే నిషేధించింది. ఇరవయ్యో సెక్షన్ సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. పట్టుబడిన సరుకుకు కిలో వరకు చిన్న పరిమాణం, ఇరవై కిలోల పైన వాణిజ్య పరిమాణం అనే మెట్లు ఉన్నాయి. సాగు శిక్షకు అలాంటి మెట్లు లేవు. బాల్కనీలో ఒక కుండీ అయినా, కొండవాలున పదెకరాలైనా అదే సెక్షన్. పధ్నాలుగో సెక్షన్ కింద నార, గింజల కోసం ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. 2018లో ఉత్తరాఖండ్ ఆ దారిలో పారిశ్రామిక సాగుకు లైసెన్సు ఇచ్చింది.

1961లో గింజ అంటే సగం మగ, సగం ఆడ మొలిచే మామూలు గింజ. నిర్వచనం రాసినవారి కళ్ల ముందు ఉన్నది అదే. ఇప్పుడు కవర్లో వచ్చే గింజ ముందుగానే పూత కోసం తయారైనది. చట్టం రెంటినీ ఒకే కంటితో చూస్తుంది. దీన్ని మార్చే చర్చ మన దేశంలో ఇంకా సరిగ్గా మొదలుకాలేదన్నది నా బాధ.

ఆ లోగా చట్టం బరువంతా పడుతున్నది కొండల మీద. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల ప్రాంతాల్లో పండే రకానికి శీలావతి అని పేరు. అది ల్యాబు గింజ కాదు, ఆరుబయట పెరిగే మొక్క. బయటి రాష్ట్రాల వ్యాపారులు ముందుగా డబ్బు చేతిలో పెడితే గిరిజన రైతు పండించాడు, మోసుకెళ్లిన కూలీ పట్టుబడ్డాడు. 2021 అక్టోబరు చివర మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన్’లో పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి కాల్చేశారు. పెట్టుబడి పెట్టినవారిలో చాలామంది ఆ కొండలు ఎక్కి ఎరగరు.