స్థానికత తగవు ఢిల్లీ దాకా ఎందుకు వెళ్తుంది?

ఉద్యోగ నోటిఫికేషన్ వెలువడగానే ఉమ్మడి వరంగల్ జిల్లా అభ్యర్థులు ముందుగా చూసుకునేది తాము ఏ జోన్‌లో స్థానికులమవుతామన్నదే. ఆ జోన్ల హద్దులను ఖరారు చేసేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం కాదు, రాష్ట్రపతి ఉత్తర్వు. దీనికి మూలం రాజ్యాంగంలోని 16(3) అధికరణం. ప్రభుత్వోద్యోగానికి నివాసాన్ని అర్హతగా పెడుతూ చట్టం చేసే అధికారం దాని ప్రకారం పార్లమెంటుకే ఉంది, శాసనసభకు లేదు.

నిజాం హయాంలో 1919లో వచ్చిన ముల్కీ (స్థానికుల) నిబంధనలు కొలువుకు 15 ఏళ్ల నివాసం ఉండాలన్నాయి. స్థానికేతరులు దొంగ ముల్కీ పత్రాలతో ఉద్యోగాలు పొందుతున్నారంటూ 1952లో వరంగల్ విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులకు దారితీసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, తెలంగాణ ప్రాంతంలోని కొన్ని ఉద్యోగాలకు నివాస నియమాన్ని నిలుపుతూ పార్లమెంటు 1957లో చట్టం చేసింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రగులుతున్న 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. పార్లమెంటు ఇలాంటి షరతును రాష్ట్రమంతటికీ పెట్టవచ్చు గానీ, రాష్ట్రంలోని ఒక భాగానికి పెట్టరాదన్నది ఆ తీర్పు సారం. 1972 అక్టోబరు 3న అదే కోర్టు పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. పైకి పరస్పర విరుద్ధంగా తోచినా, మొదటిది పార్లమెంటు కొత్తగా చేసిన చట్టం గురించి, రెండోది రాజ్యాంగానికి ముందునుంచే అమల్లో ఉండి 35(బి) అధికరణం కాపాడిన నిబంధనల గురించి. ఈ తేడాను అప్పటి ఉపన్యాసాల వేడిలో పట్టించుకున్నవారు తక్కువే. కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, వంగరకు చెందిన ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు పదవి కోల్పోయారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

అమెరికాలో రాష్ట్రాల కోర్టులు, ఫెడరల్ కోర్టులు వేర్వేరు శ్రేణులు. కేవలం రాష్ట్ర చట్టానికి సంబంధించిన వివాదంలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానిదే తుదిమాట. మన దగ్గర జిల్లా కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే వరుస, కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా విచారణ అక్కడే. కనుక రాజ్యాంగానికి సుప్రీంకోర్టు చెప్పిన అర్థాన్ని దాటాలంటే పార్లమెంటుకు మిగిలిన దారి రాజ్యాంగ సవరణే. ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిస్తూ ఉత్తర్వు జారీచేసే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చిన 371(డి) అధికరణం 32వ సవరణతో అలాగే వచ్చింది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దాని ఫలితమే.

2014 విభజన తరువాతా 371(డి) తెలంగాణకు వర్తిస్తూనే ఉంది. 2018లో కొత్త ఉత్తర్వు ఏడు జోన్లను ఏర్పరచింది. మరుసటి ఏడు రాష్ట్రం తన అధికారంతోనే ములుగు జిల్లాను ఏర్పాటు చేసుకున్నా, ఆ జిల్లాను కాళేశ్వరం జోన్‌లో చేర్చడానికి రాష్ట్రపతి ఉత్తర్వును 2021లో సవరించవలసి వచ్చింది.