నిజాం ఇచ్చిన వెయ్యి పౌండ్లు

డాక్టర్ల మధ్య తగాదా తీర్చడానికి ఒక రాజు సొంత ఖజానా విప్పడం అరుదు. హైదరాబాద్‌లో 1889లో అది జరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రికకు వెయ్యి పౌండ్లు ఇస్తామంది. మీకు నమ్మకమున్న మనిషిని పంపండి, మా ప్రయోగాలు దగ్గరుండి చూసి ఏది నిజమో ఆయన్నే చెప్పమనండి అని కబురు పెట్టింది.

తగాదా క్లోరోఫామ్ గురించి. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ దాన్ని మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరగకముందే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి, కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫామ్ పీల్చిన కాసేపటికే చనిపోయింది. ఆ తర్వాత అలాంటి చావులు ఆగలేదు. ఎందుకు చనిపోతున్నారు? గుండె ఆగిపోతోంది కాబట్టి నాడి మీద నుంచి వేలు తీయొద్దని లండన్ డాక్టర్లు ఎక్కువమంది అన్నారు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ శిష్యులది వేరే మాట. ముందు ఆగేది ఊపిరి, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండె గురించి టెన్షన్ అక్కర్లేదని వాళ్లు గట్టిగా నమ్మారు.

అలాంటి శిష్యుడొకడు హైదరాబాద్‌కు వచ్చాడు. పేరు ఎడ్వర్డ్ లారీ. ఇక్కడ రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్, మెడికల్ స్కూల్‌కు పెద్ద. తన చేతుల మీదుగా వేలమందికి క్లోరోఫామ్ ఇచ్చినవాడు, ఇవ్వడం నేర్పినవాడు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆ స్కూల్లోనే చదువుకున్నారు. 1888లో లారీ కుక్కల మీద ప్రయోగాలు చేయించి, ఊపిరే ముందు ఆగుతోందని ప్రకటించాడు. లాన్సెట్‌కు అది మింగుడుపడలేదు. ఎక్కడో హైదరాబాద్‌లో చేసిన పరీక్ష, పైగా ఫలితం ముందే తేల్చుకున్న మనిషి చేయించింది. ఆ అనుమానం పూర్తిగా అన్యాయమని నేను అనను. నిజాం వెయ్యి పౌండ్లు వచ్చింది ఆ అనుమానానికి జవాబుగానే.

లాన్సెట్ పంపింది లాడర్ బ్రంటన్‌ను. మందులు శరీరం మీద ఎలా పనిచేస్తాయన్న విషయంలో అప్పట్లో బ్రిటన్‌లో పెద్ద పేరు. పైగా గుండెకు ప్రమాదం ఉందనే పక్షంవాడు. అంటే లారీని ఓడించగలవాడే వచ్చాడు. 1889 చివర్లో కొన్ని వారాల పాటు కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు, అన్నీ కలిపి 490 జంతువుల మీద క్లోరోఫామ్ కమిషన్ పేరుతో పరీక్షలు సాగాయి. రక్తపోటు గీతలు తీశారు, వాటికి ఫొటోలు తీశారు. చివరికి బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల. నేరుగా గుండెకు ఏమీ లేదని లండన్‌కు టెలిగ్రామ్ కొట్టాడు.

ఇంతకన్నా నమ్మదగిన ఏర్పాటు ఏముంటుంది? ప్రత్యర్థినే పిలిచి కూర్చోబెట్టారు, వందల జంతువుల మీద చూశారు, రికార్డులన్నీ దాచారు, అన్నీ అచ్చువేశారు. అయినా చివరికి తప్పని తేలింది.

1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. మత్తు బాగా ఎక్కినప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడే క్లోరోఫామ్ గుండెకు ప్రమాదం. ఆ స్థితిలో అడ్రినలిన్ తోడైతే గుండె గది లయ తప్పి వణికిపోతుంది, రక్తం తోయడం మానేస్తుంది, క్షణాల్లో ప్రాణం పోతుంది. అడ్రినలిన్ అంటే భయపడినప్పుడు మన ఒంట్లో ఊరే పదార్థమే. బల్ల మీద పడుకుని వణికిపోతున్న రోగి, ఇంకా పూర్తిగా మత్తు ఎక్కలేదు, చుట్టూ కత్తులు. చావు అక్కడ పొంచి ఉంది. హైదరాబాద్‌లో ఎక్కువగా చేసింది మోతాదు పెంచుకుంటూ పోయి ఏది ముందు ఆగుతుందో చూడటం. అలా చూస్తే చాలాసార్లు ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ల గీతలు అబద్ధం కావు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది. మనుషులు చచ్చిపోతున్నది ఆ ప్రశ్నలో చెప్పిన పద్ధతిలో కాదు, అంతే. 490 అనే అంకె ఎంత పెద్దదైనా ఆ లోటును పూడ్చలేదు.

లారీ మాట పట్టుకుని నాడి చూడటం అనవసరమనుకున్న డాక్టర్లూ ఉన్నారు. కాబట్టి ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన పొరపాటు మాత్రమే కాదు. ఇదే నగరంలో బేగంపేటలో 1897లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ పేరు స్కూలు పిల్లలకు కూడా తెలుసు. క్లోరోఫామ్ కమిషన్ గురించి ఎవరూ చెప్పరు. గెలిచిన కథ చెప్పుకోవడం హాయిగా ఉంటుంది మరి. సైన్స్ అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే మాత్రం నేను రెండోదే ఎంచుకుంటాను. ఎందుకంటే ఆ 490 జంతువుల రికార్డులు బయట ఉన్నాయి కాబట్టే 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు హైదరాబాద్ నివేదికను ముందు పెట్టుకుని, వేరే ప్రయోగాలతో దాన్ని తప్పుపట్టగలిగారు. లారీ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే విషయం.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగేది దీనికి సరిగ్గా తిరగబడిన వ్యవహారం. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి ఉబ్బసం ఉన్నవాళ్ల చేత మింగిస్తారు. ముద్దలో ఏముందో బత్తిన కుటుంబం చెప్పదు, అది రహస్యం. కోర్టు గొడవలయ్యాక ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. అయినా ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వస్తారు. వాళ్లను చూసి నవ్వుకోవడం చదువుకున్నవాళ్లకు సరదా. కానీ అక్కడ డబ్బు అడగరు, ఏటా అదే కుటుంబం అదే రోజున ఎదురుగా నిలబడుతుంది, రోగి చేతిలో ఉన్న రిపోర్టులు చూసి విసుక్కోరు. ఉబ్బసంతో రాత్రంతా కూర్చునే మనిషికి ఇన్హేలర్ ఎందుకు రోజూ వాడాలో, అలవాటైపోతుందన్న భయం ఎందుకు అక్కర్లేదో ఓపిగ్గా చెప్పే డాక్టర్ ఎంతమందికి దొరుకుతాడు? మందులో గుణం లేకపోయినా నమ్మకం పుట్టడానికి కావలసిన సరంజామా అంతా ఆ క్యూలో ఉంది.

ఇక మన కళ్ల ముందు జరిగిన సంగతి. 2021 జనవరి 3న హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కు కేంద్రం అత్యవసర అనుమతి ఇచ్చింది. వేలమంది మీద చేసే మూడో దశ ట్రయల్ ఇంకా నడుస్తోంది, టీకా ఎంతమందిని కాపాడుతుందో లెక్క ఇంకా రాలేదు. అందుకే ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ అని ఒక షరతు పెట్టారు. జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. కోవాగ్జిన్ వేయించుకునేవాళ్లు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి, కోవిషీల్డ్‌కు అక్కర్లేదు. ఏది కావాలో ఎంచుకునే వీలు లేదు. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు మాకు కోవిషీల్డే వేయండని ఉత్తరం రాశారు. వాళ్లు చదువురాని జనం కాదు, మూడో దశ అంటే ఏమిటో తెలిసినవాళ్లు.

మార్చి 3న తొలి లెక్క వచ్చింది: 81 శాతం. తుది లెక్క 77.8 శాతం. 25,798 మంది మీద చేసిన ఆ ట్రయల్ వివరాలు నవంబర్‌లో అచ్చయ్యాయి, అదీ లాన్సెట్‌లోనే. అదే నెల 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. టీకా పనిచేస్తుందని తేలింది. కానీ అప్పటికే దేశంలో కోట్ల డోసులు వేసేశారు. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చినప్పుడు ఏ కంపెనీ, ఎంత శాతం అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఎక్కడ దొరుకుతుందనే అందరి గోల. దీన్ని నమ్మకం అనడం నాకు ఇష్టం లేదు. అది భయం. జనవరిలో అనుమానపడ్డ డాక్టర్లదే సరైన ప్రశ్న. చివరికి టీకా మంచిదేనని తేలినంత మాత్రాన ఆ ప్రశ్న తప్పయిపోదు. లెక్క వచ్చాక అనుమతి ఇవ్వొచ్చు, లేదా లెక్క లేదు కానీ ఈ కారణం వల్ల ఇస్తున్నామని విప్పి చెప్పొచ్చు. సంతకం పెట్టించుకుని, కారణం మాత్రం మూడు ఇంగ్లిష్ మాటల వెనక దాచడం వల్ల స్వదేశీ టీకా కాబట్టి వెనకేసుకురావాలనేవాళ్లు ఒక పక్క, స్వదేశీ కాబట్టే అనుమానించేవాళ్లు ఒక పక్క చేరారు. సైన్స్ మధ్యలో ఎక్కడో పడిపోయింది.

అంతకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఖమ్మం కథ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు వాళ్లలో చాలామంది. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపేసింది. విచారణలో ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. ప్రపంచమంతా కోట్లమందికి వేసిన టీకా అది, దాని మేలు గురించి పెద్దగా సందేహం లేదు. అయినా పేరు చెడింది. తర్వాత చాలా ఏళ్లు దేశంలో ఎక్కడ హెచ్‌పీవీ మాటెత్తినా ఖమ్మం పేరు వచ్చింది. టీకా అలా ఆలస్యమైనందుకు మూల్యం చెల్లించింది వార్డెన్లు కాదు, అధికారులు కాదు.

క్లోరోఫామ్ విషయంలో తప్పు సిద్ధాంతాన్ని దొరబాబులా బాహాటంగా పరీక్షించారు. ఖమ్మంలో మంచి టీకాను దొంగచాటు పనిలా చేశారు. రెండోదే జనం నమ్మకాన్ని ఎక్కువగా తినేసిందని నా లెక్క.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఖమ్మం వ్యవహారం మీద చాలా ఘాటైన నివేదిక ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో, సుప్రీంకోర్టు కేసు దరిమిలా, క్లినికల్ ట్రయల్స్‌లో అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలని కేంద్రం ఆదేశించింది. విషయం చెప్పడం ఒక్కటే కాదు, వినేవాళ్లకు అది అర్థమైందని కూడా అందులో కనపడాలి. 2015లో ఆ నిబంధనను కుదించి, కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో పాల్గొనేవాళ్లలో స్వేచ్ఛగా ఒప్పుకోలేని బలహీన స్థితిలో ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. ఖమ్మంలో జరిగినదాన్ని నడిపినవాళ్లు అసలు ట్రయల్ అనలేదు. ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్’ అన్నారు. పార్లమెంటు సంఘం తప్పుపట్టిన వాటిలో ఆ పేరు కూడా ఒకటి.