మొగలి అత్తరు ఎక్కువేస్తే పొగ ఎందుకు ఆగిపోతుంది?

బరంపురం ఇళ్ళలో ఈమధ్య అగరొత్తుల స్టాండు పక్కన, నీళ్ళలో అత్తరు చుక్కలేస్తే వాసన చిమ్మే డిఫ్యూజరు కూడా చేరింది. కొన్న వారానికే వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "నాలుగు చుక్కలేస్తే పొగ బాగానే వచ్చింది. వాసన చాలట్లేదని ఇరవై వేశాం, పొగే ఆగిపోయింది. మిషన్ పోయిందా?"

పోలేదు. అసలు అది పొగ కాదు, నీటి తుంపర. ట్యాంకు అడుగున 20 మిల్లీమీటర్ల పింగాణీ బిళ్ళ ఉంటుంది, ఇంచుమించు రూపాయి బిళ్ళంత. కరెంటు తగిలితే అది సెకనుకు 17 లక్షల సార్లు ఉబ్బి కుంగుతుంది. ఆ అదురు నీళ్ళలోంచి పైకి వెళ్ళి, నీటి ముఖం మీద సన్నటి అలల్ని లేపుతుంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం ఎనిమిదిన్నర మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చేటను ఒక ఊపులో ఆడిస్తే బియ్యం ఎగిరినట్టు, అల కొసలు తెగి చుక్కలై లేస్తాయి. చుక్క సైజు అల పొడవులో మూడో వంతు, అంటే 3 మైక్రాన్లు. 1962లో లాంగ్ అనే పరిశోధకుడు కట్టిన ఈ లెక్కలో ఉన్నవి మూడే: నీటి తలతన్యత, సాంద్రత, అదురు వేగం. కరెంటు పవర్ అందులో లేదు. అందుకే నాబ్ తిప్పితే తుంపర పెరుగుతుంది గానీ సన్నబడదు.

ఒక్క మిల్లీలీటరు నీళ్ళు ఇలా తెగితే 7,000 కోట్ల చుక్కలు. వాటి ఒంటిమీది వైశాల్యమంతా కలిపితే 2 చదరపు మీటర్లు, ఓ చిన్న చాపంత! వాసన గాలిలో కలిసేది ఆ వైశాల్యం నుంచే.

ఇక నూనె సంగతి. తుంపర పుట్టేది నీటి ముఖం మీదే, నూనె తేలేదీ అక్కడే. కొద్దిగా ఉంటే బిళ్ళ అదురు దాన్ని చితక్కొట్టి చుక్కలతో పాటు ఎగరేస్తుంది. ఎక్కువైతే చిక్కటి తెట్టె కడుతుంది, దాన్ని అలగా లేపడానికి బిళ్ళ శక్తి చాలదు. అసలు అత్తరంటే చందనం నూనెలో పట్టిన మొగలి వాసన, చందనం నూనె మరీ జిగురు. 100 మిల్లీలీటర్లకు 4-5 చుక్కలు దాటించొద్దు. నీళ్ళు కూడా గీత దాటకూడదు. లోతెక్కువైతే అదురు పైకొచ్చేసరికి నీరసిస్తుంది. లిక్విడ్ పారఫిన్‌లో కలిపిన చవక అత్తరైతే అసలే వద్దు, ఊపిరితిత్తుల్లో చేరిన ఆ నూనెను ఒళ్ళు అరిగించుకోలేదు.

ఈ తుంపరకు ఇంకో గుణం ఉంది. నీళ్ళలో కరిగిందంతా మోసుకెళ్తుంది. ఆవిరైతే ఉప్పును కిందే వదిలేస్తుంది, తుంపర వదలదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్ళు 100 మిల్లీలీటర్లు పోస్తే 50 మిల్లీగ్రాములు గదిలోకి వస్తాయి. రోజూ పోస్తే నెలరోజుల్లో గ్రామున్నర! గోపాల్‌పూర్ వైపు ఉప్పు బోరు నీళ్ళైతే ఇంకా ఎక్కువ. టీవీ మీద తెల్లటి బూజులా పడేది అదే. ఆర్వో నీళ్ళు పోయండి. ఛత్రపురం బట్టీల్లో మొగలి పూలు వండితే దిగే మొగలి నీళ్ళు ఇంకా మేలు. బట్టీ దిగినవి కాబట్టి లవణాలుండవు, వాసన అందులోనే కరిగి ఉంటుంది కాబట్టి తెట్టె కట్టదు. సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పాచి పడుతుంది. మొగలి వాసనకు పాములొస్తాయన్న భయంతో దాన్ని ఇంట్లోకే రానివ్వనివాళ్ళున్నారు. పాములు చేరేది ముళ్ళపొద చల్లదనానికీ, అందులోని కప్పలకీ ఎలకలకీ. సీసాకు రావు.

నీళ్ళే అక్కర్లేని రకం నెబ్యులైజరు. చిన్న పంపు గాలిని సన్నటి రంధ్రంలోంచి వేగంగా ఊదుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, గొట్టంలోంచి నూనె పైకి లాక్కొచ్చి చిట్లుతుంది. పెద్ద చుక్కలు గాజు గోడకు కొట్టుకుని వెనక్కి జారిపోతాయి, సన్నవే బయటికొస్తాయి. వాసన ఘాటుగా ఉంటుంది, నూనె ఖర్చూ అంతే. వట్టివేరు, చందనం లాంటి జిగురు నూనెలకు రంధ్రం మూసుకుపోతుంది. గంజాం మొగలి రూహ్ (చందనం కలపని అసలు మొగలి నూనె) లాంటి ఖరీదైన నూనెను ఇందులో పోయడం వృథా.

మిషన్ లేకుండా దీపం మీది మట్టి ప్రమిదలోనో, ఫ్యాను ముందు పెట్టే దూదిలోనో నూనె వేస్తే తేలికైన వాసనలు ముందు పోయి బరువైనవి మిగులుతాయి. గంట తరువాత వచ్చేది మొదటి వాసన కాదు.

నీళ్ళ డిఫ్యూజరు బిళ్ళ కడిగేటప్పుడు ప్లగ్గు పీకి, ముందు స్పిరిట్ దూదితో తుడవండి, ఆ తరువాతే నిమ్మరసం. వరస మారిస్తే నూనె పొర కింద ఉన్న సున్నాన్ని పులుపు అందుకోలేదు. గోటితో మాత్రం గీకొద్దు. బిళ్ళ మీది పూత లేచిపోతే మళ్ళీ తుంపర రాదు.