గేటు వేసే ఇరుసు

కావలి చుట్టుపక్కల పెరిగినవాళ్లకి రైలు గేటు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. విజయవాడ–గూడూరు లైను మీద బండి వెనక బండి. గేటు పడిందంటే సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ ఆగాల్సిందే. మేడ మీద గదిలో నేను పరుచుకున్న బొమ్మ రైలు పట్టాల పక్కన కూడా అలాంటి గేటు ఒకటి పెట్టాను. దాని దగ్గర మనిషి లేడు. బండి దగ్గరికి రాగానే పడుతుంది, ఆఖరి బోగీ దాటగానే లేస్తుంది. దసరా సెలవులకి వచ్చిన మా మేనల్లుడు దాని ముందు చాలాసేపు బోర్లా పడుకుని చూసి, "మామా, బండొస్తా ఉందని దీనికి ఎవురు చెప్పారు?" అన్నాడు.

చెప్పింది బండే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దాని ఇరుసు.

నాది మూడు పట్టాల రైలు. బయటి పట్టాల మధ్య దూరం సుమారు 32 మిల్లీమీటర్లు. కరెంటు నడిమి పట్టాలో వస్తుంది, ఇంజను కిందున్న చిన్న రోలరు దాన్ని అందుకుంటుంది. తిరిగి వెళ్లే దారి బయటి రెండు పట్టాలు. కానీ ఆ పనికి ఒక్క పట్టా చాలు. రెండోదాన్ని కొంత మేర వేరే పనికి వాడుకోవచ్చు.

గేటు ఉన్నచోట ఒక బయటి పట్టాని మిగతావాటినుంచి విడగొట్టాలి. రెండు కొసల్లో ఇనప పిన్నులు పీకి ప్లాస్టిక్ పిన్నులు దూర్చాలి. అంతటితో అయిపోదు. ఈ రైలుకి పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు కూడా రేకువే కాబట్టి కరెంటు వాటి మీదుగా దాటిపోతుంది. స్లీపరు కొక్కేలు మెల్లగా పైకి లేపి, రేకు పట్టాని తాకకుండా మధ్యలో ఏదైనా పెట్టాలి. అట్టముక్క చాలు. నేను మాత్రం పాత ఇస్త్రీపెట్టె విప్పి అందులోని అభ్రకం తీశాను. గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఒక పొరని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అవతలి కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా అల్లుకున్న పలకలు అందులో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి మధ్య పొటాషియం పట్టు వదులు, అందుకే అంత తేలిగ్గా విడిపోతాయి. ఎంత పల్చగా ఊడినా కరెంటుని పోనివ్వదు. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ఒకప్పుడు దేశదేశాల కరెంటు సామాన్లలోకి వెళ్లింది ఈ గుణం వల్లే. మన నేల సరుకు కదా, దాన్నే వాడాలనిపించింది. మడిస్తే విరుగుతుంది, అందుకని పట్టా కింద ఒక ముక్క, కొక్కెం కింద ఒక ముక్క విడిగా పెట్టాను.

ఇక వైరింగు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక తీగ గేటు కాయిల్‌కి (కరెంటు పారితే అయస్కాంతంలా లాగే తీగచుట్ట), కాయిల్ రెండో కొస నుంచి ఒక తీగ విడగొట్టిన పట్టాకి. బండి లేనప్పుడు ఆ పట్టాకి ఎక్కడా పొత్తు లేదు, సర్క్యూట్ తెగి ఉంటుంది. చక్రాలు ఎక్కగానే ఇనప ఇరుసు రెండు బయటి పట్టాలనీ కలిపేస్తుంది, కాయిల్ గేటుని లాగేస్తుంది. ప్లాస్టిక్ చక్రాల బోగీలు మాత్రం ఇక్కడ పనికిరావు. మొదట నేను విడి పట్టా మరీ పొట్టిగా పెట్టాను. బోగీ ముందు చక్రాలు దాటిపోయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కక, బండి మధ్యలో ఉండగానే గేటు లేచేది. రెండు చక్రాల జతల మధ్య ఉండే అతి పెద్ద ఎడం కన్నా ఆ పట్టా పొడవుండాలి.

1870లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ పెన్సిల్వేనియాలోని కింజువాలో నిజం రైలు పట్టాల మీద పెట్టిన ఏర్పాటూ ఈ రకమే: బండి వస్తే సర్క్యూట్ పూర్తవుతుంది. దాని లోపం వెంటనే తెలిసింది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా "బండి లేదు" అన్నట్టే ఉంటుంది. రైలు విషయంలో అంతకన్నా ప్రమాదకరమైన అబద్ధం లేదు. 1872లో పేటెంటు పొందిన పద్ధతిలో ఆయన దాన్ని తిరగేశాడు. బ్యాటరీ ఒక కొసన, రిలే (కరెంటు ఉన్నంతసేపూ పట్టుకుని, ఆగగానే వదిలేసే అయస్కాంతపు స్విచ్చి) రెండో కొసన, మధ్యలో పట్టాల గుండా కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. బండి వస్తే చక్రాలు కరెంటుని అడ్డదారిన తిప్పేస్తాయి, రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, పట్టా విరిగినా ఎరుపే. బండి ఉందో లేదో పట్టాల ద్వారానే కనిపెట్టే ఇప్పటి ట్రాక్ సర్క్యూట్‌కి మూలం అదే. నాకు ఇంత అందమైన ఆలోచన ఇంకొకటి కనిపించలేదు.

అందుకే మొన్న నా గేటు వైరింగు మొత్తం మార్చాను. ఇప్పుడు గేటు తన బరువుకి తానే పడుతుంది, కాయిల్ దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఆ కాయిల్‌కి కరెంటిచ్చే రిలే విడి పట్టా మీద ఉంది. బండి రిలేని షార్ట్ చేసినప్పుడు సప్లై కాలిపోకుండా ముందు కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ ఒకటి పెట్టాను. మావాణ్ణి పిలిచి ఒక తీగ పీకమన్నాను. బండి షెడ్డులోనే ఉంది, గేటు టప్పున పడింది. "బండి లేదే!" అన్నాడు. లేదని నమ్మకంగా చెప్పలేనప్పుడు ఉందనే అనుకోవాలి కదరా అన్నాను.

తుప్పు మాత్రం దీనికీ లొంగదు. మాకు సముద్రం దగ్గర. నాలుగు రోజులు బండి తిప్పకపోతే పట్టాల మీద పొర కట్టి ఇరుసు వాటిని సరిగా కలపదు, బండి వచ్చినా గేటు లేచే ఉంటుంది. పెద్ద రైళ్లలోనూ అరుదుగా వాడే లూపు లైన్లకి (మెయిన్ లైను నుంచి చీలి మళ్లీ దాన్లోనే కలిసే పక్క లైన్లు) ఈ బెడద ఉంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డ మావాడి చేతికిచ్చాను. ఒక చుట్టు తుడిచేసరికి గుడ్డ నల్లబడింది, రెండో చుట్టుకి బూడిద రంగు, మూడో చుట్టుకి వాడే బండి వదిలాడు.