పాత లాప్‌టాప్ పారేయకండి, పండక్కి తీసుకురండి

తెనాలి,
డిసెంబరు 2025.

నా మనవలకు, మనవరాళ్లకు, ఈ ఉత్తరం చదివే వాళ్ల స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ చదువులు బాగా సాగుతున్నాయని తలుస్తాను.

పోయిన ఆదివారం పెద్ద మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, నాన్న లాప్‌టాప్ ఇక పనికిరాదంట. దానికి విండోస్ 11 ఎక్కదంట. షాపాయన కొత్తది కొనుక్కోమన్నాడు" అంది. పరీక్షల ముందు ఈ టెన్షన్ ఏమిటని గొంతులో ఏడుపు. అది 2016లో కొన్న లాప్‌టాప్. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ఛార్జింగ్ ఎక్కుతోంది. ఏ భాగమూ చెడిపోని వస్తువును చచ్చిపోయిందంటే నా మనసు ఒప్పుకోలేదు. అందుకే ఫోన్లో హడావిడిగా చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ముందు అసలు జరిగిందేమిటో చెప్తాను. విండోస్ 10ను మైక్రోసాఫ్ట్ 2015 జులైలో విడుదల చేసింది. 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ ఆపేసింది. ఆపేయడమంటే ఆ మర్నాడు లాప్‌టాప్ తెరుచుకోదని కాదు. ఆ తర్వాత అందులో ఎక్కడైనా దొంగ దూరే కన్నం బయటపడితే దాన్ని పూడ్చే అప్‌డేట్ మామూలుగా రాదు. నమోదు చేసుకున్నవాళ్లకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు వరకు, ఆ మరమ్మతులు ఇస్తామన్నారు. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. మీ నాన్నది ఆరో తరం. జరిగింది ఇంతే. లాప్‌టాప్‌లో లోపం లేదు, దానికి కాపలా కాసేవాళ్లు తప్పుకున్నారు. మనం వేరే కాపలా వెతుక్కోవచ్చు.

ఆ వేరే కాపలా సంగతి చెప్పాలంటే నా కొట్టు దగ్గర మొదలుపెట్టాలి. 1974లో నేను రేడియో రిపేరు షాపు తెరిచాను. అప్పటి వాల్వు రేడియో వెనక అట్ట విప్పితే చాలాసార్లు లోపల ఒక కాగితం అంటించి ఉండేది. అదే సర్క్యూట్ డయాగ్రం. ఏ వాల్వు ఎక్కడుంది, ఏ తీగ ఎటు పోతుంది, ఎక్కడ ఎంత వోల్టేజి ఉండాలి, అన్నీ అందులో ఉండేవి. నేను పని నేర్చుకున్నది సగం మా గురువుగారి దగ్గర, సగం ఆ కాగితాల దగ్గర. తర్వాత్తర్వాత వచ్చిన సెట్లలో ఆ కాగితం పోయింది. ఐసీలనే చిన్న చిప్పుల మీద నంబర్లు గీకేసి పంపేవాళ్లు. బోర్డు మీద నల్లటి లక్కలాంటి ముద్ద వేసి కప్పేసేవాళ్లు. దుగ్గిరాల నుంచి ఒక రైతు ఎంతో ఇష్టంగా కొనుక్కున్న సెట్టు తెచ్చాడు. అందులో పోయింది రెండు రూపాయల భాగమేనని నాకు తెలుసు, కానీ ఆ ముద్ద కింద ఏముందో తెలియక తిప్పి పంపాను. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి డయాగ్రం ఉంటుంది. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. మనిషి చదవగలిగేలా రాసిన ఆదేశాల వరస అది. దాన్ని అందరికీ చూపించి, వాడుకోనిచ్చి, మార్చుకోనిచ్చి, మార్చినదాన్ని పదిమందికి పంచుకోనిస్తే ఓపెన్ సోర్స్ అంటారు.

ఈ పోరాటం మొదలైందీ ఒక రిపేరుతోనే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. వాళ్ల ల్యాబుకి జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. దాంట్లో కాగితం ఇరుక్కుపోతుండేది. పాత ప్రింటర్‌కైతే ఆయన కోడ్ సరిచేసి, కాగితం ఇరుక్కుంటే అందరి తెరల మీదా కబురు వచ్చేలా చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ దగ్గరున్న మరో యూనివర్సిటీ మనిషిని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. ఆ కోపాన్ని స్టాల్‌మన్ పనిలో పెట్టాడు. అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, తయారు చేస్తానని 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆయన దాన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాటకు ఉచితమనీ అర్థమే, స్వేచ్ఛ అనీ అర్థమే కాబట్టి జీవితమంతా ఆ తేడా వివరిస్తూనే ఉన్నాడు. మన తెలుగులో ఆ తిప్పలు లేవు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపే వాళ్లు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. తెలుగులో మెనూలు కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారు చేశారు.

తర్వాత 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు, హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. పెద్దదేమీ కాదనుకున్నాడు. అదే లినక్స్. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున నడుస్తున్నది లినక్సే. ప్రపంచంలో అతివేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

తెలుగు అక్షరంతో ముడిపడిన ఒక సంగతి కూడా చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరంలో కంటికి కనిపించని ఒక గుర్తు ఇరుక్కుని ఉన్న మెసేజ్ ఐఫోన్‌కి వస్తే దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. అక్షరం తప్పు కాదు పిల్లలూ. జకు కింద ఞ ఒత్తు పెట్టి, పైన దీర్ఘం తగిలించి ఒకే ముద్దగా గీయడం కంప్యూటర్‌కి కష్టమైన పని. దానికోసం రాసిన కోడ్‌లో ఎక్కడో పొరపాటు జరిగింది. ఆ కోడ్ ఆపిల్ కంపెనీ లోపల ఉంది. ఒత్తులు ఎలా పడాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా మన దేశంలో ఏ తెలుగు ప్రోగ్రామరూ దాన్ని తెరిచి చూడలేకపోయాడు. కొద్ది రోజులకు ఆ కంపెనీ వాళ్లే సరిచేశారు. అదే పనిని క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అందులో మన ఒత్తు వంకరపోతే మీలో ఎవరైనా ఆ కోడ్ చదవచ్చు, దిద్ది పంపచ్చు.

ఇంతవరకు మంచే చెప్పాను. ఇప్పుడు భయపెట్టే కథ ఒకటి చెప్పకపోతే మీకు సగం నిజమే చెప్పినట్టవుతుంది.

ఊరికెళ్లేటప్పుడు అమ్మ బట్టల్ని కుదించి సూట్‌కేసులో సర్దుతుంది చూడండి, ఫైళ్లను అలా కుదించే చిన్న పనిముట్టు ఎక్స్‌జెడ్ (XZ). దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఫిన్లాండ్‌లో లాసే కాలిన్ అనే ఆయన ఏళ్ల తరబడి జీతం లేకుండా, తీరిక వేళల్లో దాన్ని చూసుకుంటున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. పని శ్రద్ధగా చేశారు. అదే సమయంలో ఇంకొన్ని పేర్లతో ఎవరెవరో, పని నెమ్మదిగా సాగుతోంది, బాధ్యత వేరేవాళ్లకు ఇచ్చేయమని కాలిన్ మీద ఒత్తిడి పెట్టారు. తన మనసు బాగోలేదని, ఇది జీతం లేని పని అని ఆయన రాసుకున్నాడు. చివరికి కొత్త మనిషిని నమ్మి తాళాలిచ్చాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ మనిషి ఒక దొంగ ద్వారం పెట్టాడు. అది వ్యాపించి ఉంటే, దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ తలుపు గుండా, తాళంచెవి ఉన్న ఆ దొంగ లెక్కలేనన్ని కంప్యూటర్లలోకి దూరేవాడు.

దాన్ని పట్టుకున్నది పోలీసులు కాదు, యాంటీవైరస్ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగే, పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ మీద పని చేస్తాడు. ఏదో వేగం కొలుచుకుంటుంటే లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతున్నట్టు గమనించాడు. అర సెకను! ఇంకొకరైతే నెట్ స్లోగా ఉందనుకుని వదిలేసేవాళ్లు. ఆయన వదల్లేదు. తీగ పట్టుకుని డొంక కదిలించాడు. 2024 మార్చి 29న అందరికీ తెలిసేలా బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కువగా ప్రయోగ దశలో ఉన్న లినక్స్‌ల వరకే చేరాయి. వెంటనే వెనక్కి తీసేశారు. జియా టాన్ అనే పేరు వెనక ఉన్నది ఎవరో ఇప్పటికీ బయటపడలేదు.

రిపేరు చేసేవాడిగా నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. ఆ దొంగతనంలో ముఖ్యమైన ముక్క అందరూ చూసే కోడ్‌లో లేదు. పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో కొంత దాచారు. దాన్ని పనిలోకి దించే ముక్కను పంచడానికి కట్టిన మూటలో మాత్రమే కలిపారు. అంటే డయాగ్రంలో ఒకటి, లోపల సోల్డరింగ్ ఇంకొకటి. డయాగ్రం ఇచ్చారు కదా అని నేను ఏనాడూ మీటరు పక్కన పెట్టలేదు. కాగితం చూసి, మీటరు పెట్టి, రెండూ కలిశాకే చెయ్యి వేసేవాణ్ణి. తలుపు తెరిచి ఉంటే సరిపోదు, తొంగి చూసే మనిషి ఒకడు ఉండాలి. ఫ్రాయిండ్ అలాంటివాడు. ఆ కాలిన్ లాంటి వాళ్లు ఒంటరిగా మోస్తున్న బరువు తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. మీరు పెద్దయ్యాక ఏదైనా ఓపెన్ సోర్స్ పనిముట్టు వాడితే, దాన్ని చూసుకునే మనిషికి కనీసం ఒక కృతజ్ఞత ముక్క రాయండి.

ఇప్పుడు మన లాప్‌టాప్. నేను చెప్పిన వేరే కాపలా లినక్సే, విండోస్ బదులు దాన్ని ఎక్కిద్దాం. ముందు ఫొటోలు, నోట్సు, నాన్న ఆఫీసు కాగితాలు అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించండి. ఇది చేయకుండా ఇంకే పనీ మొదలుపెట్టవద్దు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, గుర్తుంచుకోండి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మనకు కావాల్సింది లినక్స్ మింట్. వాళ్ల సొంత సైటు నుంచే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకాన్ని దించుకోండి. ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. మింట్ 22 రకానికి 2029 వరకు మరమ్మతులు వస్తాయి.

దించుకున్నాక తొందరపడొద్దు. ఆ సైటులో ఎస్‌హెచ్‌ఏ-256 అని 64 అక్షరాల పొడుగు గుర్తు ఇస్తారు. మీ ఫైలుకు కూడా ఆ గుర్తు లెక్కకట్టి రెండూ పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఆ పని చేసిపెడుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు చెరిపేసి మళ్లీ దించండి. మోటారు బిగించే ముందు మీటరు పెట్టడం లాంటిది ఇది. తర్వాత ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి.

లాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. కంపెనీని బట్టి అది ఎక్కువగా ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఏదో ఒకటై ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే లినక్స్ నేరుగా దాని నుంచే తెరుచుకుంటుంది. మీరు ఇన్‌స్టాల్ నొక్కేదాకా లోపలి డిస్కు జోలికి పోదు. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయా, ఒక పూటంతా వాడి చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

పోయేవి కూడా ముందే తెలియాలి. నాన్నకు ట్యాలీతో పనుంటే అది లినక్స్‌లో నేరుగా నడవదు. డీటీపీ వాళ్ల అను ఫాంట్ల పని కూడా అంతే. వాలరెంట్ ఆట రాదు, ఆ మాట చిన్నవాడికి నెమ్మదిగా చెప్పండి. వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి, అక్కడక్కడా వరసలు కాస్త జరుగుతాయి. తెలుగు టైపుకి కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే చాలు.

నెమ్మదిగా ఉందనిపిస్తే హార్డ్ డిస్కు తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అనే డిస్కు పెడదాం. పాత లాప్‌టాప్‌లకు దాన్ని మించిన మందు నేను చూడలేదు. ఆ పని మాత్రం మీరు చేయకండి, పండక్కి వచ్చినప్పుడు నా బల్ల మీద కలిసి చేద్దాం. భోగి ముందురోజు వస్తారు కదా, ఛార్జర్ మర్చిపోకండి. స్క్రూలు అన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే కింద బోర్డులోకి దిగిపోతుంది. అందుకని తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన స్క్రూ తీసిన చోటే గుచ్చుదాం. బొమ్మ గీసే పని చిన్నవాడిది.

ఇట్లు,
మీ తాతయ్య