ఘాట్ రోడ్డులో హాఫ్ మారథాన్: అపోహలు - వాస్తవాలు

వర్షాకాలం వచ్చిందంటే చాలు, నా దగ్గర ట్రైనింగ్ తీసుకునేవాళ్ళ నోట సాతారా మాటే. మహారాష్ట్రలో జరిగే సాతారా హిల్ హాఫ్ మారథాన్ అన్నమాట, ఊర్లో మొదలుపెట్టి యవతేశ్వర్ ఘాట్ ఎక్కి మళ్ళీ అదే రోడ్డున దిగి రావాలి, 21 కిలోమీటర్లు. మామూలుగా సెప్టెంబర్‌లో పెడతారు, కొండంతా పచ్చగా, మబ్బులు రోడ్డు మీదకి వచ్చేస్తూ, పరిగెత్తేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి. కానీ వెళ్ళేముందు మనవాళ్ళు నమ్మే కొన్ని మాటలు వింటుంటే నాకు నిజంగా భయమేస్తుంది, అందుకే ఈ పోస్ట్.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడానికేముంది

"అన్నా, ఎక్కుడే కష్టం గానీ దిగుడేముంది, కాళ్ళు వదిలేస్తే అవే పోతయ్" అని పోయినేడాది ఒక కుర్రాడు అన్నాడు. నేనూ మొదటిసారి ఇలాగే అనుకుని వెళ్ళా. పైకి బానే ఎక్కా, వెనక్కి తిరిగాక రెక్కలొచ్చినట్టు అనిపించింది, 17వ కిలోమీటర్ దగ్గర మోకాలి పైన కండ గిలగిల కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి బానే ఉంది, దమ్ము ఉంది, కానీ అడుగు వేస్తే కాలు నిలబడట్లేదు. మర్నాడు కన్నా ఆ తర్వాతి రోజు ఇంకా ఘోరం, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టు దిగా.

వాస్తవం ఏంటంటే ఎక్కుడు ఊపిరిని తింటుంది, దిగుడు తొడల్ని తింటుంది. దిగేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ తొడ ముందు కండ సాగుతూనే మన బరువుని ఆపాలి. నిండు బిందెని మేడ మీంచి తాడుతో, జారిపోకుండా మెల్లగా కిందికి దించి చూడండి, చేతులు ఎలా లాగేస్తాయో తెలుస్తుంది, అదే పని తొడలు కొన్ని వేల సార్లు చేస్తాయి. దాంతో కండలో సన్నసన్నగా దెబ్బలు తగులుతాయి, నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది.

మంచి విషయం ఏంటంటే ఈ కండకి జ్ఞాపకం ఉంటుంది. ఒకసారి దిగుడు ప్రాక్టీస్ చేస్తే కొన్ని వారాల పాటు అదే దెబ్బ అంత గట్టిగా తగలదు. అందుకని నేను రేసుకి ఆరు వారాల ముందు నుంచే దిగుడు పెట్టిస్తా. మొదటి వారం మెల్లగా వాలున్న రోడ్డులో 300 మీటర్లు నాలుగు సార్లు, అంతే, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. చివరి గట్టి దిగుడు రేసుకి రెండు వారాల ముందే అయిపోవాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. దిగేటప్పుడు వెనక్కి వాలి మడమతో బ్రేకులు వేయొద్దు, అడుగులు చిన్నవి, త్వరత్వరగా, పాదం ఒంటి కిందే పడాలి, చూపు పది పదిహేను మీటర్ల ముందు.

అపోహ: ఎక్కేటప్పుడు పోయిన టైమ్ దిగేటప్పుడు వచ్చేస్తుంది

రాదండీ. లెక్క చూడండి. చదును రోడ్డులో కిలోమీటర్ 6 నిమిషాలకి పరిగెత్తే మనిషికి 21 కిలోమీటర్లు 2 గంటల 6 నిమిషాలు. అదే మనిషి పదిన్నర కిలోమీటర్లు ఏడున్నర చొప్పున ఎక్కి, మిగతా పదిన్నర అయిదున్నర చొప్పున దిగాడనుకోండి, 2 గంటల 16 నిమిషాల 30 సెకన్లు. పోయింది దాదాపు 16 నిమిషాలు, వచ్చింది 5. కాబట్టి చదును రేసు టైమ్ పట్టుకుని వాచీ చూసుకుంటూ కొండ ఎక్కొద్దు, ఊపిరి చూసుకుంటూ ఎక్కండి, పక్కవాడితో ఒక చిన్న వాక్యం ఆగకుండా చెప్పగలిగితే మీరు సరిగ్గా ఉన్నట్టు.

అపోహ: మధ్యలో నడిస్తే పరువు పోతుంది

ఇది వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే దీనివల్లే చాలామంది 6వ కిలోమీటర్‌లోనే అయిపోతారు. బాగా నిటారుగా ఉన్న మలుపులో 30 సెకన్లు గట్టిగా నడిచి గుండె వేగం దించుకుని మళ్ళీ పరిగెత్తినవాళ్ళు, పంతానికి పోయి పరిగెత్తినవాళ్ళని పైన దాటేయడం నేను ఎన్నోసార్లు చూశా. కాకపోతే అలిసిపోయాక నడవడం వేరు, అలిసిపోకముందే నడవడం వేరు, రెండోదే చేయాలి.

అపోహ: మా ఊర్లో కొండ లేదు, ఇక మావల్ల కాదు

హైదరాబాద్ వాళ్ళకి ఈ మాట అనే హక్కే లేదు, జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు, ఆదివారం పొద్దున్నే బయల్దేరితే వికారాబాద్ దగ్గర అనంతగిరి. వైజాగ్ వాళ్ళకి కైలాసగిరి, సింహాచలం ఉన్నాయి. కష్టం నిజంగా కోనసీమ లాంటి చోట్లే, అక్కడ వంతెనలు, అపార్ట్‌మెంట్ మెట్లు వాడుకోవాలి. ట్రెడ్‌మిల్ ఎత్తు పెడితే ఎక్కుడు వస్తుంది గానీ చాలా మెషీన్లలో దిగుడు రాదు, అందుకని మెట్లు దిగడం, ఒంటికాలితో స్టూల్ మీంచి మెల్లగా దిగే ఎక్సర్‌సైజ్ వదలొద్దు.

అపోహ: మోకాళ్ళు అరిగిపోతాయి

మామూలుగా సరదాకి పరిగెత్తేవాళ్ళకి, అసలు కదలనివాళ్ళకన్నా మోకాళ్ళ అరుగుదల ఎక్కువని ఎక్కడా తేలలేదు. మోకాలు చెడేది ఒక్కసారిగా కిలోమీటర్లు పెంచేసినప్పుడు. పాత దెబ్బ ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

అపోహ: చల్లగా ఉంది కదా, నీళ్ళక్కర్లేదు

తేమ ఎక్కువున్న గాలిలో చెమట ఆరదు, అంటే ఒళ్ళు చల్లబడదు, నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. అలాగని దారిలో నీళ్ళిచ్చే ప్రతిచోటా గ్లాసు మీద గ్లాసు తాగేయడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. దాహం వేస్తే రెండు గుక్కలు, మధ్యలో కాస్త ఉప్పు.

ఇంకొక్కటి, గోళ్ళు. దిగేటప్పుడు పాదం ముందుకి జారి బొటనవేలు షూ ముక్కుకి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. రేసుకి మూడు రోజుల ముందే గోళ్ళు కత్తిరించుకోండి, షూలో వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, పైన చీలమండ దగ్గర వదిలేస్తుంటాం కదా ఆ చివరి కన్నం, అందులోంచి కూడా లేసు తీసి బిగించండి, మడమ కదలదు.