పార్కు ఒక ఒడ్డుకు, ఫ్రీవే ఇంకో ఒడ్డుకు

ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, రోజ్ క్వార్టర్ అనే చోట ఫ్రీవేను వెడల్పు చేసే ప్రాజెక్టు మీద గొడవ మళ్లీ మొదలైంది. అక్కడ ఐ-5 ఫ్రీవే మీద మూత వేసి, అది రెండుగా చీల్చిన నల్లవాళ్ల పేట అల్బైనాను కలుపుతామని 2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం 45 కోట్ల డాలర్లు ప్రకటించింది. అందులో చాలా భాగాన్ని 2025లో అమెరికా కాంగ్రెస్ వెనక్కి లాగేసుకుంది. విచిత్రం ఏమిటంటే 2017లో ఒరెగాన్ శాసనసభ ఈ పని తలపెట్టినప్పుడు మొత్తం ఖర్చే 45 కోట్లన్నారు. తర్వాతి అంచనా 190 కోట్ల దాకా పోయింది. మూతకు డబ్బు లేకపోయినా ఫ్రీవేకు అదనపు లేన్లు మాత్రం వేసేస్తారా అన్నదే ఇప్పటి ప్రశ్న.

అమెరికా ఫ్రీవేలు నల్లవాళ్ల పేటల మీదుగానే ఎందుకు వెళ్లాయన్నది చాలాసార్లు చెప్పుకున్న కథే. పోర్ట్‌లాండ్‌కు అసలు మలుపు ఫ్రీవే కట్టిన ఏడాది కాదు, ఒక రోడ్డును తీసేసిన ఏడాది. 1974.

డౌన్‌టౌన్ విల్లమెట్ నదికి పడమటి ఒడ్డున ఉంది. దాని వీపు వెనక ఐ-405, నదికి అవతల ఐ-5. దక్షిణాన మార్క్వామ్ వంతెన, ఉత్తరాన ఫ్రీమాంట్ వంతెన ఈ రెంటినీ ముడివేసి లూప్ చేస్తాయి. పడమటి శివార్లు బీవర్టన్, హిల్స్‌బరోల్లో చిప్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకు ఇది కొత్త కాదు. అటునుంచి డౌన్‌టౌన్‌కు వచ్చే టన్నెల్ దాటీ దాటగానే ఏ లేన్లోకి మారాలా అని టెన్షన్ పడే చోటు ఇదే. ఇలాంటి లూప్ వేయమని 1943లోనే న్యూయార్క్‌లో పెద్ద రోడ్లూ వంతెనలూ కట్టించి పేరుపొందిన అధికారి రాబర్ట్ మోజెస్ సలహా ఇచ్చాడు.

అప్పట్లో డౌన్‌టౌన్ వైపు నది అంచునే హార్బర్ డ్రైవ్ అనే పెద్ద రోడ్డు ఉండేది. 1969లో కొందరు పిల్లాపాపలతో వచ్చి, ఆ రోడ్డుకూ పక్క వీధికీ మధ్య ఉన్న గడ్డిలో పిక్నిక్ పెట్టుకున్నారు. అటూ ఇటూ కార్లు పోతూనే ఉన్నాయి. గవర్నర్ టామ్ మెకాల్ కూడా నది ఒడ్డు జనానికి దక్కాలన్నవాడే. 1974లో రోడ్డు మూసేశారు, 1978లో పార్కు తెరిచారు, తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. నగరాల ప్లానింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ మెచ్చుకునే ఘనత ఇది.

మరి ఆ కార్లన్నీ ఎటు పోయాయి? 1973 నవంబరులో ఫ్రీమాంట్ వంతెన తెరిచారు, లూప్ పూర్తయింది. హార్బర్ డ్రైవ్ ఇక అక్కర్లేదని ధైర్యంగా అనగలిగింది అందుకే. ఒక ఒడ్డు దించుకున్న బరువులో కొంత అవతలి ఒడ్డు మీద పడింది. అదే 1974లో, ఆగ్నేయ పేటల మీదుగా వేయాలనుకున్న మౌంట్ హుడ్ ఫ్రీవేను కూడా రద్దు చేశారు. ఆ పేటలు బతికిపోయాయి. దాని కోసం ముందే కట్టిన ర్యాంపు మొండాలు మార్క్వామ్ వంతెన దగ్గర గాల్లో ఆగిపోయి ఇప్పటికీ కనిపిస్తాయి.

అల్బైనా వంతు మాత్రం రాలేదు. 1948లో వాన్‌పోర్ట్ అనే పక్క ఊరిని ముంచేసిన వరదలో ఇల్లూ వాకిలీ పోయిన నల్లవాళ్లలో చాలామంది చేరిన పేట అది. 1960లో తెరిచిన మెమోరియల్ కొలీజియం అనే క్రీడా మందిరం కోసం అక్కడ 476 ఇళ్లు పోయాయి. ఆ తర్వాత ఐ-5 వచ్చింది.

లేన్లు కావాలని ఒరెగాన్ రవాణా శాఖ చెప్పే కారణాలు అబద్ధమేమీ కాదు. కొద్ది దూరంలోనే ఐ-5, ఐ-84, ఐ-405 కలుస్తాయి, కొన్నిచోట్ల ఒక్కో వైపు నేరుగా వెళ్లడానికి రెండే లేన్లు, గుద్దుకోవడాలూ ఎక్కువే. కానీ ఫ్రీవేను ఆనుకునే హ్యారియెట్ టబ్మన్ బడి ఉంది. పిల్లల్ని బయట ఎక్కువసేపు ఆడనివ్వొద్దని 2018లో గాలిని పరీక్షించిన పరిశోధకులు చెప్పిన బడి అది. పేటను తిరిగి నిలబెట్టాలని పనిచేసే అల్బైనా విజన్ ట్రస్ట్ అనే సంస్థ 2020లో ఈ ప్రాజెక్టు నుంచి బయటికి వచ్చేసింది. మూతను పెద్దది చేసి, పైన భవనాలు కట్టేంత గట్టిగా వేస్తామని 2021లో మాటిచ్చాకే తిరిగి మద్దతిచ్చింది. ఇప్పుడు డబ్బు పోయింది ఆ మూతకే.

డబ్బు మధ్యలో ఆగిపోవడం అల్బైనాకు కొత్త కాదు. అవతల హార్బర్ డ్రైవ్ తీసేద్దామని మాట్లాడుకుంటున్న రోజుల్లోనే, 1970ల మొదట్లో, ఇక్కడ ఆసుపత్రి విస్తరణకని వందలకొద్దీ ఇళ్లూ దుకాణాలూ కూల్చారు. ఫెడరల్ నిధులు నిలిచిపోయాయి. ఆసుపత్రి పెరగలేదు, జనం తిరిగి రాలేదు, అందులో కొంత స్థలం దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉంది. రోజ్ క్వార్టర్ నుంచి అక్కడికి నడిచే వెళ్లొచ్చు.